మూడు దులుపుల మామగారు

మూడుసార్లు దులపనిదే ఏ గుడ్డనూ ఇంకొకరి ఒంటి మీదికి పోనివ్వడు. లాండ్రీ మామగారి గురించి ఇంతకు మించి చెప్పుకోవాల్సిందేమీ లేదని ఆయన అల్లుడి నిశ్చితాభిప్రాయం. పుట్టగానే మంత్రసాని చుట్టిన పొత్తిగుడ్డను లాక్కుని, మూడుసార్లు దులిపి, మళ్లీ తనే చుట్టుకుని ఉంటాడని అల్లుడు పదిమందిలో అనేవాడు. పదిమందీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. వాళ్లందరికంటే గట్టిగా మామగారే నవ్వేవాడు. అల్లుడికి ఒళ్లు మండేది అక్కడే. వెటకారం చేస్తే ఉడుక్కోవాలి గానీ, తోడు నవ్వితే ఇక చేసినవాడికి ఏం మిగులుతుంది?

లాండ్రీ ఒక ఇరుకు వీధిలో ఉన్న మేడ. కింద కౌంటరు, దాని వెనక గడగడలాడుతూ తిరిగే నాలుగు ఉతుకు యంత్రాలు. పై అంతస్తులో ఆవిరి కక్కే ఇస్త్రీ గది, దాన్ని ఆనుకుని కుటుంబం ఉండే నాలుగు గదులు. ఆ పైన డాబా. డాబా మీద ఈ చివర నుంచి ఆ చివరికి పదహారు తీగలు. మిగతా లాండ్రీలవాళ్లంతా యంత్రాల్లో ఆరబెట్టుకుంటుంటే, ఈయన మాత్రం బట్ట ఎండకే ఆరాలంటాడు. ఎండిన బట్ట తీగ దిగిందంటే మామగారు మొదలుపెట్టాడన్నమాటే. రెండు మూలలూ పట్టుకుని కుడికొకటి, ఎడమకొకటి, మూడోది ఎదురుగా ఎవరుంటే వాళ్ల మొహం మీదికి. టప్పు, టప్పు, టపాలు! ఆ తర్వాత మడతలోకి తొంగిచూసి, పసిపిల్లను నిద్ర లేపుతున్నట్టు మెల్లగా, "లేవండమ్మా, ఇది పువ్వు కాదు," అంటాడు.

ఎవరితోనంటారా? తేనెటీగలతో.

అక్కడితో ఆగినా పెద్దాయన చాదస్తం అని సరిపెట్టుకోవచ్చు. డాబా మీద దులిపిన చొక్కానే మళ్లీ ఇస్త్రీ గదిలో దులుపుతాడు. ఇస్త్రీ అయి, మడతపడి, కాగితం చుట్టుకుని కౌంటరు మీదికి వచ్చాక, అల్లుడు దాన్ని అందుకోబోయే సమయానికి ఎక్కడి నుంచో ఊడిపడి, కాగితం విప్పి మరీ దులుపుతాడు. నలిగిన చొక్కాను చూసి ఇస్త్రీ పిన్ని ఒక్క మాటైనా అనకుండా మళ్లీ పెట్టె వేడెక్కించేది. ముప్ఫై ఏళ్లుగా అక్కడే ఇస్త్రీ చేస్తున్న మనిషి. ఆవిరికి ఆవిడ మెదడు కూడా మెత్తబడిపోయిందని అల్లుడు తేల్చేశాడు.

ఒకరోజు ప్లీడరుగారు భార్యాసమేతంగా వచ్చి నల్లకోటు ఉతకడానికి ఇవ్వబోయారు. అల్లుడు చెయ్యి చాచాడు. మధ్యలో మామగారు లటుక్కున లాక్కున్నాడు.

"ఇంకా ఉతకనేలేదు కదయ్యా! మాసిన కోటు కూడా దులుపుతావా?" అని ప్లీడరుగారు మొత్తుకున్నారు.

"మాసినదాంట్లో దూరకూడదని వాటికి మీరేమైనా నోటీసు ఇచ్చారా అండీ?"

టప్పు, టప్పు, టపాలు. మూడో దులుపుకి లోపలి జేబులోంచి గులాబీరంగు కవరొకటి ఎగిరి కౌంటరు మీద పడింది. దాని మీది దస్తూరి ప్లీడరుగారి భార్యది కాదు. పక్కన నిలబడ్డ మనిషి మాత్రం ఖాయంగా ఆయన భార్యే. ఆ తర్వాత ఆరునెలల పాటు ప్లీడరుగారు తన బట్టలు తనే ఉతుక్కున్నారని వినికిడి.

"ఇలాగే ఒక్కొక్కళ్లనీ తరిమేయండి. చివరికి మీరూ మీ ఈగలూ మిగులుతారు," అన్నాడు అల్లుడు.

"ఈగలు కావండీ, తేనెటీగలు. ఈగ అంటే వాటికి చిన్నతనం," అన్నాడు మామగారు.

అసలు తేనెటీగకి ఆరేసిన బట్టలతో పనేమిటని ఎవరైనా పొరపాటున అడిగారా, అయిపోయారే. పక్కవీధి బేకరీ ఆయన ఒకసారి అడిగి, కాల్చడానికి పెట్టిన రొట్టెలన్నీ మాడబెట్టుకున్నాడు.

"తప్పు దానిది కాదండీ, మనది," అని అందుకున్నాడు మామగారు. "సబ్బులో పూల వాసన పోసిందెవరు? మనం. పాపం అది పువ్వే అనుకుని అంత దూరం నుంచి రెక్కలు నొప్పెట్టేలా ఎగిరొస్తుంది. తీరా వచ్చి చూస్తే అది మీ బనీను. దాని మనసు ఎంత కష్టపడి ఉంటుందో ఆలోచించారా?"

"నా బనీనుకేమొచ్చిందండీ?"

"అది తర్వాత మాట్లాడుకుందాం. రెండోది, దానికి దాహం. ఇల్లు చల్లబరుచుకోడానికి కూడా నీళ్లు మోసుకెళ్లాలి. తడిగుడ్డ దొరికిందంటే అంచు పట్టుకుని జుర్రుకుంటుంది. తాగాక, ఎండకి గుడ్డ వెచ్చగా ఉంటుంది కదా, పొద్దుటి నుంచీ తిరిగి తిరిగి వచ్చిందాయె, కాసేపు మడతలో నడుం వాలుస్తుంది. ఆ మడతనే మనం తీసుకెళ్లి తొడుక్కుంటాం. నిద్రపోతున్న మనిషి మీద ఎవరైనా చొక్కా తొడిగితే మీరైనా ఊరుకుంటారా?" ఇక్కడ గొంతు తగ్గించి, "పైగా బయటికెళ్లే పని కూడా అది గాల్లోనే కానిస్తుంది. మీ తెల్ల ఏప్రాన్ మీద పసుపు చుక్కలున్నాయే, గుడ్డు సొన అనుకుంటున్నారా?" అన్నాడు.

బేకరీ ఆయన ఏప్రాన్ వంక చూసుకుని, లేచి వెళ్లిపోయాడు.

అల్లుడి సంగతి కూడా రెండు మాటలు చెప్పుకోవాలి. అతను వేరే ఊరివాడు. వ్యాపారం ఎలా చెయ్యాలో కాలేజీలో పుస్తకాలు పెట్టి నేర్చుకుని, పట్టా పుచ్చుకుని, మూడేళ్ల కిందట ఈ ఇంటి ఏకైక కూతురిని పెళ్లాడి లాండ్రీలో కాలుపెట్టాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే తనను చూసి ఎవరైనా నవ్వితే మూడు రోజులు అన్నం సహించదు. జలుబు చేసినా చేసిందని ఒప్పుకోడు. పెళ్లికి ముందు డాబా చూద్దామని ఎక్కి, తువ్వాలుతో మొహం తుడుచుకోబోతే ఏదో కుట్టి మొహం కాస్త ఉబ్బిందట. 'కాస్త' అన్నది అతని మాట. ఆస్పత్రిలో డాక్టరు ఏదో జాగ్రత్తలు చెప్పబోతే, "నేనేమైనా పాలు తాగే పిల్లాడినా?" అని ఆయన రాసిచ్చిన చీటీని ఉండచుట్టి మంచం కింద పడేసి వచ్చాడు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే అతనికి గిట్టదు. ఇంట్లో ఎవరూ ఎత్తరు కూడా.

ఇలాంటి పరువుగల మనిషికి అలాంటి మామగారు దొరికాడు. వీధిలోకి వెళితే తప్పించుకోవచ్చు కదా అంటే, అదీ లేదు. అల్లుడు క్షవరానికి బయల్దేరితే, "నేనూ వస్తా, ఊరికే కూర్చుంటా," అని వెంటపడతాడు. ఓసారి సెలూన్ ఆయన అతని మెడకు గుడ్డ చుట్టబోతే, "ఆగండాగండి!" అని ఒక్క అంగలో వెళ్లి లాక్కున్నాడు. ఆ గుడ్డలో పొద్దుటి నుంచీ కత్తిరించిన జుట్టంతా ఉంది. మూడు దులుపులకీ అది గదంతా లేచింది. పక్క కుర్చీలో ఒకాయన మొహం నిండా నురగ పూయించుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. గడ్డం తీయించుకుందామని వచ్చినవాడు, ఇంత పొడుగు గడ్డంతో లేచి నిలబడ్డాడు.

"మీ మామగారిని వెంటబెట్టుకుని వచ్చేటట్టయితే దయచేసి జుట్టు పెంచుకోండి," అన్నాడు సెలూన్ ఆయన. అల్లుడికి తల కొట్టేసినట్టయింది.

భార్య పుట్టినరోజుకి పెద్ద రెస్టారెంటుకి వెళ్లారు. హంసలా మడిచిపెట్టిన నేప్కిన్ తీసి అల్లుడు ఒళ్లో పరుచుకోబోయాడు. హంస మామగారి చేతిలోకి వెళ్లింది, మూడు దులుపులకి గుడ్డముక్కై తిరిగొచ్చింది. అంతటితో ఊరుకోక అల్లుడి వైపు వేలాడుతున్న టేబుల్ గుడ్డ అంచు కూడా పట్టుకున్నాడు. దాని మీద సూపు గిన్నెలున్న సంగతి ఆయనకి మూడో దులుపుకి గానీ గుర్తు రాలేదు. బిడ్డకి మొదటి ఏడు నిండినప్పుడు స్టూడియోలో ఫొటో తీయించుకున్నారు. ఆ ఫొటో ఇప్పటికీ గోడ మీద ఉంది. పసిపిల్ల బోసినోటితో నవ్వుతోంది, తల్లి నవ్వు ఆపుకుంటోంది, ఫొటోగ్రాఫరు తన భుజాన కప్పబోయిన శాలువా కనబడక అల్లుడు గుడ్లురుముతున్నాడు. మామగారు ఉండాల్సిన చోట ఒక మసక ఉంది. ఆ క్షణాన ఆయన శాలువా దులుపుతున్నాడు.

అన్నిటికంటే అల్లుడికి మండేది ఇంకొకటి. ఇంతమంది గుడ్డలు దులిపే మనిషి, తన చొక్కా మాత్రం తీగ మీంచి లాగి అలాగే తొడుక్కుంటాడు! ఒకసారి అల్లుడు పట్టుకుని నిలదీశాడు.

"మీ చొక్కాలోకి తేనెటీగలు రావా? మీరంటే వాటికి భయమా, భక్తా?"

"నాదేముంది లెండి, ముసలి చొక్కా. దాంట్లో ఏ వాసనా ఉండదు," అని నవ్వేసి, చొక్కా జేబులోని డబ్బా తడుముకున్నాడు మామగారు.

ఆ డబ్బా ఇంకో దరిద్రం. చొక్కా ఏదైనా జేబులో ఆ రేకు డబ్బా ఉండాల్సిందే. అది పొడుం డబ్బా అని వీధి వీధంతా ఎరుగుదురు. ఆయన పొడుం పీల్చగా గానీ తుమ్మగా గానీ ఎవరూ చూడలేదు, కానీ పొడుం కాకపోతే అంత భద్రంగా ఎవరు దాచుకుంటారు? ఎవరైనా ఒక చిటికెడు అడిగితే, "ఇది చాలా ఘాటండీ, మీరు తట్టుకోలేరు," అనేవాడు.

ఇలా ఉండగా పెద్ద హోటల్ నుంచి కబురొచ్చింది. నూట ఇరవై గదుల దుప్పట్లు, తువ్వాళ్లు ఉతకడానికి మంచి లాండ్రీ చూస్తున్నామని, ఫలానా రోజు మధ్యాహ్నం తమ మేడమ్ వచ్చి పని చూస్తారని. అల్లుడికి నేల మీద కాలు నిలవలేదు. మూడేళ్లుగా అతను ఎదురుచూసిన అవకాశం అది.

"మామయ్యా, వాళ్లకి కావాల్సింది ఒకటే, వాసన. దిండు మీద తల ఆనిస్తే పూలతోటలో పడుకున్నట్టు ఉండాలట. నేను పూల వాసన వేసే ద్రావకం ఒక డ్రమ్ము తెప్పిస్తున్నా."

"పూలతోట అన్నాక తోటకి రావాల్సినవాళ్లందరూ వస్తారు అల్లుడుగారూ. ఉతికిన బట్టకి ఉతికిన వాసన చాలదూ? ఎండ వాసన ఎంత బాగుంటుంది!"

"ఎండకి వాసనేమిటండీ! పొడుం పీల్చి పీల్చి మీ ముక్కు చచ్చిపోయింది. సరే, తేల్చుకుందాం. మేడమ్ ఒప్పుకుంటే తాళాలు నా చేతిలో పెట్టండి. డాబా మెట్లు ఇక ఎక్కొద్దు. మనవరాలిని ఆడించుకుంటూ ఇంట్లో కూర్చోండి. ఒప్పుకోలేదా, మీ అమ్మాయినీ పిల్లనీ తీసుకుని నేను మా ఊరు పోతా. మీరూ మీ ఈగలూ సుఖంగా ఉండండి."

మామగారి మొహంలో నవ్వు మాయమవడం అల్లుడు మొదటిసారి చూశాడు.

"అయితే డాబా మీదికి మీరొక్కరే ఎక్కుతారా?" అన్నాడు మామగారు. అదొక్కటే అడిగాడు.

కొట్టు పోతుందని కాదు, కూతురు వెళ్లిపోతుందని కాదు, డాబా తనకి దక్కదనట బెంగ! ఇలాంటి మనిషితో మూడేళ్లు ఎలా నెగ్గుకొచ్చానా అని అల్లుడు తనను తనే మెచ్చుకున్నాడు. గదిలోకి వెళ్లి భార్యతో చెబితే ఆవిడ పిల్లకి జడ వేస్తూ తలెత్తలేదు.

"మా నాన్నని ఏమైనా అనుకోండి. ఆయన దులపని గుడ్డ మాత్రం ముట్టుకోకండి."

"నీకూ అంటుకుందా ఆ పిచ్చి?"

"అంటుకుంది," అంది.

ఆ రోజు రానే వచ్చింది. అల్లుడు పెందలాడే లేచి, ఊరి అవతల ఎవరికో కర్టెన్లు అందజేసి రావాలని చెప్పి మామగారిని సాగనంపాడు. యంత్రాల్లో అరవై తెల్ల దుప్పట్లు వేశాడు. డ్రమ్ము మీద ఒక మూత పొయ్యమని రాసి ఉంటే, నాలుగు పోశాడు. పుస్తకాల్లో చదువుకున్నవాడు కదా, ఒకటి మంచిదైతే నాలుగు నాలుగింతలు మంచివని లెక్క. తీగల నిండా దుప్పట్లు ఆరేసి, గుండెల నిండా గాలి పీల్చి, కళ్లు తేలేశాడు. అంత ఘాటు వాసన. పక్కవీధి బేకరీలో రొట్టెలు కూడా పూల రుచి వచ్చాయని తర్వాత తెలిసింది.

పదిగంటలకి మొదటి తేనెటీగ వచ్చింది. వాలింది, అటూ ఇటూ నడిచింది, వెళ్లింది. వెళ్లి ఏం చెప్పిందో ఏమో, పదకొండు గంటలకి చుట్టుపక్కల తుట్టెలన్నీ ఖాళీ చేసుకుని వచ్చినట్టు వచ్చాయి. పన్నెండింటికి తెల్ల దుప్పట్ల మీద పసుపు చుక్కలు మొదలయ్యాయి. ఆ సమయానికి అల్లుడు కింద అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు.

హోటల్ మేడమ్ పొడుగ్గా, సన్నగా, చెప్పుల మడమలు టకటకలాడిస్తూ వచ్చింది. మెడకి పట్టు స్కార్ఫు. చేతిలో ఒక పుస్తకం, అందులో ఏదో రాసుకుంటూనే మెట్లెక్కింది. డాబా మీద ఉక్కగా ఉండటంతో స్కార్ఫు తీసి, "ఒక్క నిమిషం పట్టుకోండి," అని అల్లుడికి అందించింది. అతను వినయంగా చెయ్యి చాచాడు.

"ఆగండాగండి!"

ఊరి అవతల ఉండాల్సిన మామగారు మెట్ల దగ్గర ప్రత్యక్షమయ్యాడు. కర్టెన్లు ఇంకా చంకలోనే ఉన్నాయి. ఊరి చివర దాకా వెళ్లాక గాలికి ఆ వాసన తగిలి, అక్కడి నుంచి వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. వగరుస్తూనే స్కార్ఫు లాక్కున్నాడు. కుడికొకటి, ఎడమకొకటి, మూడోది మేడమ్ మొహం మీదికి. ఆవిడ కళ్లజోడు ఎగిరి పూలవాసన దుప్పటికి తగులుకుంది.

"ఎవరీయన?"

"పనివాడు మేడమ్, కాస్త మతిస్థిమితం లేదు," అనేశాడు అల్లుడు. మామగారు కూడా అవునవునన్నట్టు తలూపాడు.

పోయిన పరువు నిలబెట్టుకోవాలని అల్లుడు దగ్గరున్న దుప్పటిని తీగ మీంచి ఒక్క లాగు లాగాడు. రెండు చేతులా మొహానికి హత్తుకుని, "చూడండి మేడమ్, ఒక్కసారి ఈ వాసన..." అంటూ గట్టిగా పీల్చాడు. దుప్పటి మడతలో ఏదో ఝుమ్మంది.

ఆ వయసులో మనిషి అంత దూరం దూకుతాడని ఎవరూ అనుకోరు. మామగారు దుప్పటిని లాగి అవతల విసిరాడు. అందులోంచి రెండు లేచిపోయాయి. మూడోది అల్లుడి కాలరు మీద పాకుతోంది. మామగారు అల్లుడి కోటు రెండు అంచులూ పట్టుకున్నాడు. కుడికొకటి, ఎడమకొకటి, మూడోది నేరుగా మేడమ్ వైపు. టప్పు, టప్పు, టపాలు!

"లేవమ్మా, లే! ఇది పువ్వు కాదు, మా అల్లుడు!"

తేనెటీగ లేచింది. లేచి, ఎదురుగా కనబడ్డ మామగారి ముక్కు మీద కసి తీర్చుకుంది. ఆయన ముక్కు సంగతి పట్టించుకోకుండా జేబులోంచి డబ్బా తీసి, "మిమ్మల్ని కుట్టిందా? ఎక్కడైనా చురుక్కుమందా? గొంతు బిగుస్తోందా?" అని అల్లుడి మెడ తడుముతున్నాడు.

నడిబజారులాంటి చోట తనను పాత తువ్వాలులా దులిపింది చాలక, పైగా పొడుం పీల్చమంటున్నాడు! అల్లుడు ఆయన చెయ్యి విసిరికొట్టాడు. డబ్బా వెళ్లి మెట్ల మీద పడి దొర్లుకుంటూ పోయింది.

మేడమ్ కళ్లజోడు తీసుకుని పెట్టుకుంది. దుప్పట్లన్నీ ఒకసారి కలయజూసింది. పసుపు చుక్క ఒకటి గోటితో గీకి చూసి, వాసన చూసి, మొహం చిట్లించింది. "మా హోటల్‌కి జనం పడుకోడానికి వస్తారండీ, కుట్టించుకోడానికి కాదు," అని టకటకలాడుతూ దిగి వెళ్లిపోయింది.

అల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. చరచరా దిగి, ఇస్త్రీ గదిలో తగిలించి ఉన్న తన చొక్కాలన్నీ లాగి సంచిలో కుక్కడం మొదలుపెట్టాడు.

"ఇక ఈ కొంపలో ఒక్క పూట ఉండను పిన్నీ! ఎలా పడ్డావమ్మా ముప్ఫై ఏళ్లు ఈ మనిషితో? పుట్టుకతోనే ఇంతేనా, మధ్యలో ఎప్పుడైనా తగ్గిందా ఈ దులుపుడు జబ్బు?"

ఇస్త్రీ పిన్ని పెట్టె నిలబెట్టి, చెయ్యి తుడుచుకుంది.

"పుట్టుకతోనా? ఇరవయ్యేడేళ్లు ఆయన ఒక్క గుడ్డ దులపగా నేను చూళ్లేదు బాబూ. తీగ మీంచి లాగడం, బుట్టలో పడెయ్యడం, అంతే. నేనే తిట్టేదాన్ని, కాస్త దులిపి పడెయ్యరాదా అని."

"మరి?"

"మీరొచ్చాక మొదలుపెట్టారు."

అల్లుడి చేతిలో చొక్కా సంచిలోకి పోకుండా ఆగిపోయింది. పిన్ని బల్ల కింది నుంచి రేకు డబ్బా తీసి అతని ముందు పెట్టింది. మెట్ల మీద దొర్లి దొర్లి సొట్టపడి ఉంది.

"పొడుం కావాలంటే పీల్చండి," అంది.

మూత తీశాడు. లోపల పెన్నంత సూదిమందు ఒకటి ఉంది. దాని కింద నాలుగు మడతల కాగితం. విప్పితే డాక్టరు రాత. మరోసారి తేనెటీగ కుడితే ప్రాణానికే ప్రమాదమని, కుట్టిన వెంటనే ఈ సూది తొడకి పొడవాలని, ఎప్పుడూ దగ్గరే ఉంచుకోవాలని. పైన రాసి ఉన్న పేరు అల్లుడిది. తను ఉండచుట్టి మంచం కింద పడేసిన చీటీయే అది. ఇప్పుడు మాత్రం ఎక్కడా ఒక్క ముడత లేదు.

"మూడేళ్ల కిందట ఆస్పత్రి మంచం కింది నుంచి ఏరుకొచ్చి నా చేతే ఇస్త్రీ చేయించారు. సూదిమందు గడువు తీరగానే కొత్తది తెచ్చి పెడతారు," అంది పిన్ని. "మీకు చెప్పొద్దని అమ్మాయిగారి చేతా, నా చేతా ఒట్టు వేయించుకున్నారు. నేనిప్పుడు చెప్పలేదు. డబ్బా దానంతటదే దొర్లుకుంటూ వచ్చింది. గుర్తుంచుకోండి."

అల్లుడు చీటీ పట్టుకుని వెనక్కి లెక్కపెట్టుకున్నాడు. సెలూన్లో ఆ గుడ్డ చుట్టబోయింది ఎవరి మెడకి? తన మెడకి. హంస నేప్కిన్ ఎవరి ఒళ్లోకి? తన ఒళ్లోకి. శాలువా తన భుజాలకి. కౌంటరు మీద ప్లీడరుగారి కోటు తన చేతిలోకి. ఇన్నేళ్లలో ఆ మహానుభావుడు తన కోసం ఒక్క రుమాలు కూడా దులుపుకున్న పాపాన పోలేదు. ఇన్నాళ్లూ తను పుట్టించిన వెటకారాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి, అల్లుడు సిగ్గుతో కుంచించుకుపోయాడు. అతనికి జరగాల్సిందే అది.

డాబా మీదికి వెళ్లేసరికి మామగారు దుప్పట్లన్నీ మళ్లీ ఉతకడానికి బుట్టలోకి వేస్తున్నాడు. ముక్కు వంకాయంత అయింది. అల్లుడిని చూడగానే, "మీరు మెట్ల దగ్గరే ఆగండి. ఇంకా అన్నీ వెళ్లలేదు," అని చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందే చెబితే మీ సొమ్మేం పోయేది మామయ్యా?" అని మెట్ల దగ్గరి నుంచే అరిచాడు అల్లుడు.

అల్లుడి చేతిలో డబ్బా చూసి మామగారు దొరికిపోయినవాడిలా నసిగాడు. "చెబితే వింటారా మీరు? డాక్టరు మాటే వినలేదు. భయపడ్డానని ఎవరైనా అంటారని పంతానికి రోజుకి రెండుసార్లు ఎక్కుతారు. ఒకవేళ విన్నా, తేనెటీగకి దడిసే అల్లుడని వీధంతా నవ్వుతుంది. మీరేమో నవ్వితే అన్నం తినరు. నన్ను చూసి నవ్వితే నాకేం? నాకు శుభ్రంగా అరుగుతుంది."

అల్లుడికి ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. అంతకు ముందే ఎవరైనా చూస్తారేమోనని కూడా అనిపించింది. రెంటికీ మధ్య కాసేపు కొట్టుకుని, చివరికి, "మీకు బొత్తిగా బుద్ధి లేదు మామయ్యా," అన్నాడు. కళ్లు మాత్రం ఒకసారి తుడుచుకున్నాడు, తన చొక్కా చేత్తోనే.

"లేదు లెండి," అని ఒప్పుకున్నాడు మామగారు. "అవునూ, ఇంతకీ ఊరు ఎప్పుడు ప్రయాణం?"

"వాసన పోయాక," అన్నాడు అల్లుడు. అరవై దుప్పట్ల వాసన పోవడానికి మూడు ఉతుకులు పట్టింది. అప్పటికి సంచిలో చొక్కాలు ఎవరు తీసి మళ్లీ ఎవరు తగిలించారో ఎవరూ అడగలేదు.

ఇప్పుడా డ్రమ్ము డాబా చివరి మూలన ఉంది. అడుగున చిల్లులు పొడిచి, మట్టి నింపి, పూల మొక్కలు వేశారు. పక్కనే ఒక పళ్లెంలో నీళ్లు, అందులో వాలడానికి గులకరాళ్లు. వచ్చినవాళ్లు అక్కడే తాగి, అక్కడే నడుం వాల్చి వెళుతున్నారు. డబ్బా అల్లుడి జేబులోకి మారింది. ఎవరైనా ఒక చిటికెడు అడిగితే, "ఇది చాలా ఘాటండీ," అంటున్నాడు. మామగారి మీద వెటకారాలు మానలేదు. మానితే జనం ఏదో అనుకుంటారని అతని భయం. కాకపోతే ఈమధ్య కౌంటరు దగ్గర అతను కూడా బట్టలు దులుపుతున్నాడు. మీకూ తగులుకుందా ఈ జబ్బు అంటే, ఇంటి జబ్బండీ, అల్లుడికి కూడా వాటా వచ్చింది అంటున్నాడు.

మొన్న సాయంత్రం మామగారు ఎప్పట్లాగే తన చొక్కా తీగ మీంచి లాగి తొడుక్కోబోయాడు. అల్లుడు లటుక్కున లాక్కున్నాడు. కుడికొకటి, ఎడమకొకటి, ఒకటి నేరుగా మామగారి మొహం మీదికి. ఎందుకైనా మంచిదని ఇంకొకటి కూడా వేసి, మడతల్లోకి తొంగిచూసి, అప్పుడు చేతికిచ్చాడు.

మామగారు చొక్కాను అటూ ఇటూ తిప్పి, ఎండకెత్తి చూసి, పెదవి విరిచాడు.

"మూడు చాలు అల్లుడుగారూ. నాలుగోది గుడ్డకి మంచిది కాదు."